పెట్టె మీద టోపీ

లారెల్ కోవ్,
1894 నవంబరు 11

తమ్ముడు ఏసాకు,

నువ్వు గెలిచావని తపాలా గుర్రం మీద వచ్చినవాడు చెప్పాడు. శాసనసభ్యుడి అక్కనయ్యాను కదా, నెత్తిన కొమ్ములేమైనా మొలిచాయేమోనని అద్దంలో చూసుకున్నాను. ఏమీ లేవు. ఆ మైదానం వాళ్లు నీకు ఎలా ఓటేశారో గానీ, ఇక్కడ నిలబడి ఉంటే మీ బావ టాలివర్ కూడా నీకు వేసేవాడు కాదు. కోపం తెచ్చుకోకు. గవర్నరు ట్రెడ్‌వే మా కొండ దారికి ఇన్నేళ్లలో ఒక్క రాయి వేయించలేదు. ఆయన పార్టీలో చేరింది నువ్వు కాబట్టి ఆ మాట నువ్వే ఆయన చెవిన వెయ్యి. ఇక్కడ దాదాపు అందరూ ఆయన మీద గవర్నరు పదవికి నిలబడ్డ హాస్కిన్‌కే వేశారు. తొంభై నాలుగు ఆయనకి, పదిహేడు మీ ట్రెడ్‌వేకి.

ఎన్నిక రోజు జరిగిన తమాషా చెబుతాను. కెజయా అవ్వ ఆదివారం పోయింది. తొంభై ఒకటి నిండాయి, చివరిదాకా పళ్లు ఊడలేదు. మంగళవారం మధ్యాహ్నం పూడ్చిపెట్టాలనుకున్నారు. అదే రోజు ఎన్నిక. మన కోవ్‌లో, ఈ కొండ లోయలో, ఎవరైనా పోతే చేతిలో ఏ పనున్నా వదిలేసి సమాధి దాకా వెళ్లాల్సిందే కదా, గవర్నరు ఎన్నికైతే మాత్రం ఏమిటి? పన్నెండింటికి పోలింగు ఆపారు. చీటీల పెట్టె కాపలా పదహారేళ్లుగా మీ బావది. తాళంచెవి అవతలి పార్టీ, అంటే మీ ట్రెడ్‌వే పార్టీ తరఫున పోస్టుమాస్టరు క్రాబ్‌ట్రీ మెడలో ఉంటుంది. పోయింది అతని తల్లే. స్కూలు తలుపుకు గొళ్లెం కూడా లేదు. పెట్టెను ఒంటరిగా వదిలేస్తే రేపు ఎవడేం కూస్తాడోనని మీ బావ దాన్ని చంకన పెట్టుకుని శవపేటిక వెనకే నడిచాడు.

సమాధి దగ్గర ప్రార్థన మొదలైంది. అందరూ కళ్లు మూసుకున్నారు. నా సంగతి నీకు తెలుసు. చిన్నప్పుడు నాన్న ప్రార్థన చేస్తుంటే నువ్వూ నేనూ ఒకేసారి ఒక కన్ను తెరిచి ఒకరినొకరు చూసుకుని చచ్చేంత నవ్వు ఆపుకునేవాళ్లం. నాకా బుద్ధి ఇంకా పోలేదు. తెరిచి చూస్తే, మీ బావ పెట్టెను గడ్డి మీద దించి, తన టోపీ తీసి దాని నెత్తిన పెట్టి, తాను కళ్లు మూసుకున్నాడు. ఆ పెట్టె అచ్చం అవ్వకు దగ్గర చుట్టంలా, టోపీ పెట్టుకుని దిగాలుగా కూర్చుంది. క్రాబ్‌ట్రీ రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడుస్తున్నాడు. నేను శాలువా అంచు నోట్లో కుక్కుకున్నాను. పక్కవాళ్లు నేనూ ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరారు. ఆమెన్ అనగానే మీ బావ టోపీ తలకు పెట్టుకుని పెట్టె చంకనెత్తుకున్నాడు. చూసింది నేనొక్కదాన్నే. ఓటు లేని ఆడదానికి ఆ మాత్రం వినోదమైనా ఉండాలి.

ఎండు ఆపిల్ ముక్కలు, రెండు జతల ఉన్ని మేజోళ్లు పంపుతున్నాను. మేజోళ్లు మడమ దగ్గర బిగుతుగా ఉంటే చెప్పు.

నిన్ను ఎత్తుకుని పెంచిన
అక్క ఆర్ఫా


రాజధాని,
1895 జనవరి 14

ప్రియమైన అక్కకు,

ఆలస్యానికి క్షమించు. సభ మొదలైంది. మేజోళ్లు సరిపోయాయి. ఆపిల్ ముక్కలు మా బసలో ఉన్న తొమ్మిదిమంది సభ్యులమూ పంచుకు తిన్నాం. ఈ ఇంటావిడ వితంతువు, వంట బాగా చేస్తుంది, కానీ మొక్కజొన్న రొట్టెలో పంచదార వేస్తుంది. నీకు తెలిస్తే కొట్టడానికి వస్తావు. నా కుర్చీ కల్నల్ లెదర్‌వుడ్ గారి పక్కనే పడింది. మా పార్టీలో ఆయన మాటకు ఎదురు లేదు. భోజనాల దగ్గర మన కొండ కబుర్లు చెబుతుంటే అందరూ తినడం ఆపి వింటారు. ఏసా మంచి మాటకారి అని కల్నల్ గారే అన్నారు. కొండ యాసతో వచ్చినవాడికి ఇక్కడ ఆ మాట దొరకడం చిన్న సంగతి కాదు.

ఇక అసలు విషయం. హాస్కిన్ అరవై ఒక్క ఓట్లతో గెలిచినట్టు లెక్క తేలింది. ట్రెడ్‌వే ఒప్పుకోవడం లేదు. ఎవరు గవర్నరో శాసనసభే తేల్చాలని చట్టం. పోలింగు జరిగిన ప్రతి చోటి కాగితాలూ చూడటానికి పన్నెండుమందితో ఒక కమిటీ వేశారు. అధ్యక్షుడు కల్నల్ గారు. నేనూ అందులో ఒకణ్ని.

అందుకే ఒక మాట. అవ్వ సమాధి సంగతి, పెట్టె సంగతి ఇక ఎవరితోనూ అనకు. ఉత్తరంలో కూడా రాయకు. ఎందుకని అడగకు. బావకూ అదే చెప్పు.

ప్రేమతో
ఏసా


లారెల్ కోవ్,
1895 జనవరి 27

తమ్ముడికి,

ఎందుకని అడగకు అన్నావు. నువ్వు పాలపళ్ల వయసులో ఉన్నప్పుడు కూడా ఆ మాట అన్నావంటే ఏదో పగలగొట్టి వచ్చావని అర్థం. అందుకని అడుగుతున్నాను. ఎందుకు? సమాధికి వచ్చింది నూట ముప్ఫైమంది. పెట్టెను మీ బావ చంకలో అందరూ చూశారు. దొంగతనంగా పట్టుకెళ్లలేదే! ఇప్పుడు నోరు మూసుకుంటే అప్పుడు దొంగలమవుతాం.

మొన్న మంచులో ఇద్దరు పెద్దమనుషులు గుర్రాల మీద వచ్చారు. మేకపిల్ల తోలు చేతిజోళ్లు. స్కూలు తలుపు చూశారు, గొళ్లెం లేని చోట వేలు పెట్టి చూశారు. అక్కణ్నుంచి సమాధుల దాకా అడుగులు కొలుచుకుంటూ వెళ్లారు. నేను దారిలో ఆపి ఏం కావాలన్నాను. "ఏం లేదమ్మా, ఊరు బావుందని చూస్తున్నాం" అన్నాడొకడు. మోకాలి లోతు మంచులో ఊరు చూసేవాడిని నేను ఇంతవరకు చూడలేదు. వాళ్లు వెళ్లిన మర్నాడే మీ బావకు సమను వచ్చింది. ఫిబ్రవరి పన్నెండున కోర్టు ఊరికి వచ్చి ప్రమాణం మీద సాక్ష్యం చెప్పాలట.

మీ బావ ఆ కాగితం రెండుసార్లు చదివి, మడిచి బైబిల్లో పెట్టి, గేదె లాంటి మన ఎర్రావుకు కాలు వాచిందని పశువుల కొట్టంలోకి వెళ్లిపోయాడు. ఆయనకు భయం లేదు. నాకే ఉంది. నువ్వు ఆ కమిటీలో ఉండి కూడా మాకు ముందుగా ఒక్క ముక్క రాయలేదేం?

జవాబు కోసం చూసే
అక్క


లారెల్ కోవ్,
1895 ఫిబ్రవరి 16

శాసనసభ్యులు శ్రీ ఏసా స్ట్రౌడ్ గారికి,

తమరి దగ్గర నుంచి జవాబు లేదు. పెద్ద పనుల్లో ఉంటారు. మా చిన్న సంగతి చెప్పి పోతాను.

నా భర్త టాలివర్ హెన్స్లీ పన్నెండో తేదీన సాక్ష్యం చెప్పాడు. నేను వెనక బల్ల మీద కూర్చుని విన్నాను. తమరి కమిటీ తరఫున వచ్చిన వకీలు అడిగిన తీరు ఇది.

"పోలింగు మధ్యలో పెట్టె స్కూలు దాటి బయటికి వెళ్లిందా?"

"వెళ్లింది."

"ఎక్కడికి?"

"కెజయా అవ్వని పూడ్చిన చోటికి."

"అక్కడ ప్రార్థన జరుగుతున్నప్పుడు ఆ పెట్టె మీద నీ టోపీ పెట్టావా?"

"పెట్టాను."

"చాలు, దిగు."

కోర్టంతా గొల్లుమంది. ఆ వకీలు తన టోపీ తీసి బల్ల మీదున్న సిరాబుడ్డి మీద పెట్టి చూపించాడు. మళ్లీ నవ్వారు. పదహారేళ్లు ఆ పెట్టెను కన్నబిడ్డలా చూసుకున్న మనిషి, టోపీ చేత్తో పట్టుకుని వాళ్ల మధ్యలోంచి నడిచి వచ్చాడు. ఇంటికి పద్నాలుగు మైళ్ల దారంతా ఆ టోపీ తలకు పెట్టుకోలేదు.

పెట్టె సమాధికి వచ్చిందని లోకానికంతా తెలుసు. టోపీ సంగతి మాత్రం, పెట్టిన మనిషి కాక, తెలిసింది ముగ్గురికే: నాకు, దేవుడికి, తమరికి. దేవుడు ఉత్తరాలు రాయడు. నేను రాసింది తమరికొక్కరికే. ఆ పైన తమరే ఆలోచించుకోండి.

ఇట్లు
శ్రీమతి టాలివర్ హెన్స్లీ


రాజధాని,
1895 ఫిబ్రవరి 24

అక్కా,

"తమరు" అన్న మాట చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. అమ్మ పోయాక నన్ను పెంచినదానివి, నా మీద ఇంత అనుమానమా?

నిజం విను. పెట్టె బయటికి వెళ్లిన సంగతి ఎవరూ చేరవేయలేదు. బావే చెప్పాడు. ఓట్ల లెక్క కాగితం అడుగున ఆయన చేతిరాతతోనే ఉంది: "పన్నెండు నుంచి ఒంటిగంట వరకు సమాధి. పెట్టె నా దగ్గరే ఉంది." సంతకం కూడా పెట్టాడు. నా కళ్లతో చూశాను. ఇంత అమాయకంగా ఎవరైనా రాసుకుంటారా? నిన్ను నోరు మూసుకోమన్నది అందుకే, ఆ కాగితం ఎవరి కంటా పడకుండా పోతుందేమోనని.

ఇక టోపీ. చెప్పకూడదనుకున్నాను గానీ నువ్వు చెప్పిస్తున్నావు. నీ నవంబరు ఉత్తరం నాకు చేరినప్పుడు కవరు అంచు ముడతలు పడి ఉంది, ఆవిరి పట్టి తెరిచి మళ్లీ అంటించినట్టు. కోవ్ నుంచి బయలుదేరే ప్రతి ఉత్తరం మొదట ఎవరి చేతిలో పడుతుందో, అతను ఏ పార్టీ వాడో నువ్వే ఆలోచించు. పేరు నేను చెప్పను.

బావకు నా నమస్కారాలు చెప్పు.

నీ తమ్ముడు
ఏసా


లారెల్ కోవ్,
1895 మార్చి 12

ఏసా,

నీ ఉత్తరం అందింది. మీ బావను అడిగాను. "రాశాను, ఒంటిగంట దాకా పోలింగు లేదు కదా, రాయాలి కదా" అన్నాడు. అంతే. ఆ కాగితం గురించి నాకు ఇన్నాళ్లూ ఒక్క మాట చెప్పలేదు. నిన్ను ఎన్ని మాటలన్నానో తలుచుకుంటే సిగ్గేస్తోంది. తమరు అన్నందుకు నా చెవి నేనే మెలిపెట్టుకున్నాను.

క్రాబ్‌ట్రీ ఇంత పని చేస్తాడని కలలో కూడా అనుకోలేదు. తల్లిని పూడ్చిన రోజు మాటనే అమ్ముకున్నాడా? నేను నోరు కట్టుకుని ఉండలేకపోయాను. బావి దగ్గర ఇద్దరికి చెప్పాను, ఆదివారానికి కోవ్ అంతా తెలిసిపోయింది. చర్చిలో అతని బల్ల మీద ఎవరూ కూర్చోవడం లేదు. పాట మొదలెట్టేది ఎప్పుడూ అతనే. మొన్న మొదలెడితే ఎవరూ అందుకోలేదు. ఒక్కడే ఒక చరణం పాడి ఆపేశాడు. ఉత్తరాలు పోస్టు చేయడానికి జనం తొమ్మిది మైళ్లు నడిచి పక్క ఊరు స్టోనీ గ్యాప్‌కి వెళ్తున్నారు. ఇదీ అక్కణ్నుంచే వేస్తున్నాను. నా కాళ్లు బొబ్బలెక్కాయి.

పోయిన వారం అతను మా గుమ్మంలోకి వచ్చాడు. "ఆర్ఫమ్మా, ఆ తాళంచెవి సంగతి..." అన్నాడు. మాట పూర్తి కానివ్వలేదు, తలుపు ముఖాన వేశాను. మీ బావ మాత్రం, "అతన్ని చెప్పనివ్వాల్సింది" అని గొణిగాడు. ఆయనకు అందరూ మంచివాళ్లే.

ఓట్ల సంగతి ఏం చేస్తారట? మా నూట పదకొండుమందీ వేసింది చెత్తబుట్టలో పోస్తారా? మీ బావను దొంగని పుస్తకంలో అచ్చు వేస్తారా? అది ఒక్కటి ఆపు, నాకింకేం వద్దు.

తప్పు చేసిన
అక్క


రాజధాని,
1895 మార్చి 22

అక్కకు,

తొందరలో రాస్తున్నాను. క్రాబ్‌ట్రీ మీద మరీ అంత వద్దు. తపాలా దారి పొడవునా చాలా చేతులుంటాయి. ఆవిరి అని నేను ఊహించాను, చూసింది లేదు. ఆ విషయం ఇక వదిలేయండి.

మీ పోలింగును కొట్టేస్తే ట్రెడ్‌వే పదహారు ఓట్లతో గెలుస్తాడు. మిగతా తగాదాలన్నీ తేలి ఇదొక్కటే మిగిలింది. అందుకే అందరి కళ్లూ మీ మీద ఉన్నాయి. సాక్ష్యాలకు గడువు ఏప్రిల్ అయిదు. ఆ తర్వాత సభలో ఓటింగు. నేను చేయగలిగింది చేస్తాను. కల్నల్ గారు నాతో చాలా ఆప్యాయంగా ఉంటున్నారు. జూన్‌లో మా జిల్లాకు కొత్త జడ్జి కావాలట, నా పేరు అనుకుంటున్నారట.

నా ఉత్తరాలు చదివాక పొయ్యిలో వేసేయి.

ఏసా


లారెల్ కోవ్,
1895 ఏప్రిల్ 14

ఏసా,

నీ ఉత్తరం పొయ్యిలో వేయలేదు. ఒక్కటీ వేయలేదు. అన్నీ వరసగా బల్ల మీద పెట్టుకుని ఇది రాస్తున్నాను.

నీ మార్చి ఉత్తరాన్ని తెచ్చిచ్చింది క్రాబ్‌ట్రీ. బయటికి వెళ్లే ఉత్తరాలు మేం స్టోనీ గ్యాప్‌లో వేసినా వచ్చేవి చేరేది అతని దగ్గరికే కదా. వాగు పొంగి దారి తెగి, ఉత్తరం పన్నెండు రోజులు ఆలస్యమైంది. అతను గుమ్మం దాకా రాలేదు. వాకిట్లోనే నిలబడి చెయ్యి చాపాడు. సగానికి సగం అయిపోయాడు మనిషి.

"అంటు ఎక్కడైనా ఊడిందేమో చూసుకుని తీసుకో ఆర్ఫమ్మా" అన్నాడు.

చూశాను. అంచు ముడతలు పడి ఉంది. నాకు ఒళ్లు మండింది. "ఇదేంటి మరి?" అన్నాను.

"తపాలా గుర్రం వాగు దాటుతుంది, సంచి అడుగు తడుస్తుంది. మన ఊరి ఉత్తరం ముడత పడకుండా ఎప్పుడొచ్చింది? మీ ఏసాకి తెలీదా? ఆ వాగులోనేగా ఈత నేర్చుకుంది."

నిజమే కదా. నాకూ తెలుసు, నీకూ తెలుసు. నీ మాట వినగానే నా తెలివి ఎక్కడికి పోయిందో!

లోపలికి రమ్మన్నాను. మజ్జిగ ఇచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. పోస్టుమాస్టరు పని వదిలేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నాడట. "ఆ రోజు పెట్టె టాలివర్ చేతిలో ఉంటే తాళంచెవి నా మెడలో ఉంది" అన్నాడు. "నేను ట్రెడ్‌వే మనిషిని. పెట్టెను ఎవరూ తాకలేదని నేనే రాజధానికి వెళ్లి ప్రమాణం చేస్తే వాళ్లు కాదనలేరు. నన్నెవరూ పిలవలేదు. నేనే వస్తానని చెబుదామని మీ ఇంటికొచ్చాను. నువ్వు తలుపేశావు. ఇంకెవరికి చెప్పాలి? ఎవరూ నాతో మాట్లాడందే!"

సాక్ష్యాల గడువు ఏప్రిల్ అయిదు. అతను నా ఎదురుగా కూర్చున్నది పదకొండున. మా నూట పదకొండుమందినీ కాపాడగల ఒకే ఒక్క మనిషిని మేమే చేతులారా వెలివేసుకున్నాం. ఎవరి మాట మీద వెలివేశామో వేరే చెప్పాలా?

అతను వెళ్లాక నీ జనవరి ఉత్తరం మళ్లీ చదివాను. భోజనాల దగ్గర మన కొండ కబుర్లు. మంచి మాటకారి. పక్క కుర్చీలో కల్నల్. ఎన్నిసార్లు చదివానో. ఒక్క వాక్యంలో జవాబు రాయి: టోపీ కథ ఆ బల్ల దగ్గర చెప్పావా, లేదా?

ఇంకొకటి. ఇన్ని నెలల తర్వాత మీ బావను ఒక మాట అడిగాను. ముందే అడగాల్సింది, నా బుద్ధికి తోచలేదు. ఆయన గొడ్డలి నూరుతున్నాడు.

"ఆ రోజు పెట్టె మీద టోపీ ఎందుకు పెట్టావు?"

"సందు మూయడానికి."

"ఏ సందు?"

"చీటీలు వేసే సందు. ప్రార్థనకి అందరూ కళ్లు మూసుకుంటారు, నేనూ మూసుకోవాలి. ఆ కాసేపట్లో ఎవడైనా ఇంకో చీటీ పడేస్తే? టోపీ కదిలితే తెలుస్తుంది."

"ఆ మాట కోర్టులో చెప్పలేదేం?"

"ఎందుకు పెట్టావని వాళ్లు అడగలేదుగా" అని మళ్లీ గొడ్డలి నూరుకున్నాడు.

నేను నవ్వాను ఏసా. నవంబరులో నేను నవ్వి, ఆ నవ్వు నీకు రాసి పంపాను. అది నా తప్పు, దాన్ని నేను మోస్తాను. కానీ సాక్ష్యాల గడువు దాటినా సభలో సభ్యుడు లేచి మాట్లాడొచ్చని క్రాబ్‌ట్రీ చెప్పాడు. ఈ కాగితం పట్టుకుని లేచి నిలబడు. టోపీ సందు మూయడానికి పెట్టాడని, తాళంచెవి అవతలి పార్టీ వాడి మెడలో ఉందని, ఆ రెండు ముక్కలూ చదువు. మీ బావ దొంగ కాదని నీ నోటితో అను. పెంచినందుకు నిన్ను ఇంతవరకు ఏమీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

ఆర్ఫా


రాజధాని,
1895 మే 5

అక్కా,

ఒక్క వాక్యం అడిగావు. ఇదిగో: చెప్పాను.

జనవరి మొదటి వారం, పంది తొడ మాంసం వడ్డించిన రోజు. అప్పటికి ఇంకా కమిటీ లేదు. నా యాస విని ఎవరో ఎగతాళి చేశారు. నేను కూడా వాళ్లతో కలిసి నవ్వితే నన్ను తమలో కలుపుకుంటారనిపించింది. జేబులోంచి నీ ఉత్తరం తీసి ఆ భాగం బయటికి చదివాను, బావలా కళ్లు మూసుకుని, టోపీ తీసి కూరగిన్నె మీద పెట్టి మరీ. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. కల్నల్ గారికైతే కళ్ల వెంట నీళ్లొచ్చాయి. తుడుచుకుని పెన్సిలు తీసి తన చొక్కా మణికట్టు పట్టీ మీద ఏదో రాసుకున్నారు. అది చూశాను. అప్పుడే అర్థమైంది. వారం తర్వాత నన్ను కమిటీలో వేసినప్పుడు ఎందుకు వేశారో కూడా అర్థమైంది. నీకు ఎందుకని అడగకు అని రాసింది ఆ రోజే. క్రాబ్‌ట్రీ మీద రాసిన మాట పచ్చి అబద్ధం. వాగు సంగతి నాకు గుర్తుంది.

మే మూడున సభ జరిగింది. నీ ఉత్తరం లోపలి జేబులో ఉంది. లారెల్ కోవ్ ఓట్లు కొట్టేయాలన్న కాగితం చదివారు. నేను లేచాను అక్కా. నిజంగా లేచాను, సగం. కల్నల్ గారు నా చెయ్యి పట్టుకుని, "ఏమయ్యా, మళ్లీ టోపీ కథేనా? చెప్పు చెప్పు, అందరం విందాం" అన్నారు. చుట్టుపక్కల అప్పుడే నవ్వు మొదలైంది. వాళ్లందరికీ ఆ కథ వచ్చు. నేనే నేర్పాను.

కూర్చున్నాను. పేరు పిలిచినప్పుడు "అవును" అన్నాను. డెబ్భైకి యాభై ఏడు. ట్రెడ్‌వే గవర్నరయ్యాడు.

బావను దొంగ అని నేరుగా రాయలేదు. "పెట్టెను అనుమానాస్పదంగా కప్పి ఉంచెను" అని అచ్చు వేశారు. జూన్‌లో జడ్జి పదవి నాకే అంటున్నారు. ఈ ఉత్తరం నువ్వేం చేసినా నాకు అభ్యంతరం లేదు. పొయ్యిలో వేయమని అడగను.

ఏసా


లారెల్ కోవ్,
1895 మే 19

ఏసా,

నీ ఉత్తరం నేనేం చేశానో చెబుతాను.

నిన్న శనివారం. పోస్టాఫీసు అరుగు మీద జనం మూగే రోజు. నూట పదకొండుమందీ రాలేదు గానీ ఎనభైమంది దాకా ఉంటారు. క్రాబ్‌ట్రీ సామాను బండికెత్తి ఉంది. అతన్ని ఆపి, పక్కన నిలబెట్టుకుని, నీ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా బయటికి చదివాను. బల్ల దగ్గర నువ్వు నా ఉత్తరం చదివావు, అరుగు మీద నేను నీది చదివాను. కూరగిన్నె దగ్గరా ఆగలేదు, అవును దగ్గరా ఆగలేదు. నా తప్పు కూడా చెప్పాను: మొదట నవ్వింది నేనని, క్రాబ్‌ట్రీ పేరు బావి దగ్గర ఎత్తింది నేనని.

ఎవరూ నవ్వలేదు. ముసలి పాస్టరు వచ్చి క్రాబ్‌ట్రీ బండి మీదున్న కుర్చీ ఒకటి కిందికి దించాడు. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. సామానంతా లోపలికి చేరేసరికి అతను అరుగు అంచున కూర్చుని, సమాధి దగ్గర ఏడ్చినట్టే రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఈసారి అందరం కళ్లు తెరుచుకునే చూశాం.

ఇంటికొచ్చాక మీ బావ రొట్టె తినడానికి కూర్చున్నాడు. నిన్ను నాలుగు తిడతాడేమోనని చూశాను. తిడితే నాకూ కొంచెం హాయిగా ఉండేది. రొట్టె తుంపుతూ, "రాశాడుగా" అన్నాడు. "రాయకపోతే మనకి తెలిసేదా?" ఆయన లెక్కలో జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టినవాడు పూర్తిగా చెడిపోయినవాడు కాదు. నేనింకా అంత దూరం రాలేదు. నాకు నీ మీద కోపం బండరాయిలా ఉంది. ఎప్పటికి కరుగుతుందో తెలియదు.

వచ్చే ఎన్నికకు పెట్టె తాను పట్టనని మీ బావ చెప్పేశాడు. క్రాబ్‌ట్రీ పడతాడు, తాళంచెవి మీ బావ మెడలో ఉంటుంది. స్కూలు తలుపుకు గొళ్లెం పెట్టారు. కాకపోతే ఆ రోజు ఎవరైనా పోతే మళ్లీ పోలింగు ఆపే వెళ్తాం. దానికి మీ సభ అనుమతి అడగం.

నువ్వు జడ్జివి అయితే అవు. కానీ నీ ముందు ఎవడైనా నిలబడి "పెట్టాను" అంటే, "చాలు, దిగు" అనకు. ఎందుకు పెట్టావని ఒక్క మాట అడుగు.

ఈసారి ఎండు ఆపిల్ ముక్కలు పంపడం లేదు. తినాలనిపిస్తే వచ్చి తిను. మా బల్ల దగ్గర నీ కుర్చీ అలాగే ఉంది, తీసేయలేదు. మీ బావ ఉంటాడు, క్రాబ్‌ట్రీని కూడా పిలుస్తాను. కబుర్లు మేం చెబుతాం. నువ్వు కూర్చుని విను.

నీ అక్క